సిజేరియన్‌లో చిక్కులు: ముందే పసిగట్టేవి, అప్పటికప్పుడు దాటేవి

పొట్టనూ గర్భసంచినీ కోసి బిడ్డను బయటికి తీసే ఆపరేషన్ సిజేరియన్. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 21.5 శాతం కాన్పులు ఈ పద్ధతిలోనే జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం. తెలంగాణలో 60.7 శాతం, దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చేయించుకున్న ఆపరేషన్ కావడంతో దీన్ని మామూలు తంతుగా చూడటం అలవాటైపోయింది. కానీ సిజేరియన్లన్నీ ఒకటి కావు. మొదటి కాన్పులో, నొప్పులు రాకముందు, తల కిందికి ఉన్న బిడ్డకు చేసే ఆపరేషన్ ఒక తీరు. గంటల తరబడి నొప్పులు పడ్డాక, తల కటిలో ఇరుక్కుపోయిన బిడ్డకు చేసేది మరో తీరు. పాత కోతల మచ్చ మీద మాయ పాతుకుపోయిన తల్లికి చేసేది ఈ రెండింటితోనూ పోల్చలేని పెద్ద శస్త్రచికిత్స.

ఈ తేడాల్లోంచే చిక్కులు పుడతాయి. వాటిలో చాలావాటిని ముందే పసిగట్టవచ్చు. పసిగట్టలేనివి ఎదురైనప్పుడు ఒకదాని తర్వాత ఒకటిగా ఏం చేయాలో వైద్యశాస్త్రం ఒక వరస ఏర్పరచింది. ఆ వరస తెలిసిన బృందం, అందుబాటులో రక్తం, చేతిలో పాత ఆపరేషన్ వివరాలు ఉన్నచోట తల్లీబిడ్డలు గండం నుంచి బయటపడే అవకాశం ఎంతో ఎక్కువ.

మామూలు సిజేరియన్ ఎలా సాగుతుంది

చిక్కులు ఎక్కడ వస్తాయో తెలియాలంటే ఆపరేషన్ ఏ క్రమంలో జరుగుతుందో తెలియాలి. పొత్తికడుపు కింది భాగంలో అడ్డంగా చర్మాన్ని కోస్తారు. దాని కింద కొవ్వు, ఆ కింద గట్టి తెల్లటి పొర ఉంటాయి. పొట్ట కండరాలను సాధారణంగా కోయరు, రెండు పక్కలకు జరుపుతారు. ఆ తర్వాత పేగులను కప్పి ఉంచే పల్చటి పొరను తెరిస్తే గర్భసంచి కనిపిస్తుంది. దాని కింది భాగం మీద మూత్రసంచి ఆని ఉంటుంది. అవసరమైతే దాన్ని మెల్లగా కిందికి జరిపి, గర్భసంచి కింది భాగంలో అడ్డంగా చిన్న గాటు పెట్టి, వేళ్లతో వెడల్పు చేస్తారు. ఉమ్మనీరు బయటికి వస్తుంది. డాక్టరు చేతిని లోపలికి పోనిచ్చి బిడ్డ తలను కోత దగ్గరికి తెస్తే, సహాయకులు పైనుంచి పొట్టను నొక్కుతారు. అంతా సవ్యంగా ఉంటే కొద్ది నిమిషాల్లోనే బిడ్డ బయటికి వస్తుంది. ఎక్కువ సమయం పట్టేది ఆ తర్వాతి పనికే: మాయ తీయడం, గర్భసంచికి కుట్లు వేయడం, పొరలన్నీ మూయడం.

ఈ పద్ధతి ఇలా స్థిరపడటానికి చాలా కాలం పట్టింది. జర్మన్ వైద్యుడు మాక్స్ సాంగర్ 1882లో గర్భసంచికి జాగ్రత్తగా కుట్లు వేయాలని చూపించేదాకా, దాన్ని కుట్టకుండానే వదిలేయడం ఎక్కువగా ఉండేది. అలా వదిలేసిన తల్లుల్లో చాలామంది రక్తస్రావంతోనో చీము పట్టో చనిపోయేవారు. 20వ శతాబ్దం మొదట్లోనూ గర్భసంచి పైభాగాన్ని నిలువుగా కోసేవారు. గ్లాస్గోకు చెందిన మన్రో కెర్ 1920లలో కింది భాగంలో అడ్డకోతకు గట్టిగా ప్రచారం చేశాడు. అక్కడ కండ పల్చగా ఉంటుంది, రక్తం తక్కువ పోతుంది, మచ్చ గట్టిగా మానుతుంది. ఇప్పుడు ప్రపంచమంతటా ఇదే పద్ధతి.

కత్తి పట్టకముందే జరగాల్సిన పని

చిక్కులను ఎదుర్కోవడం థియేటర్లో మొదలు కాదు, నెలల ముందు తీసిన స్కానింగ్‌తో మొదలవుతుంది. మాయ ఎక్కడుంది, గర్భసంచి ముఖద్వారాన్ని కప్పిందా, పాత కోత మీదికి వచ్చిందా అన్నది స్కానింగ్ చెబుతుంది. బిడ్డ తల కిందికి ఉందా, ఎదురుకాళ్లా, అడ్డంగా ఉందా అన్నది ఆపరేషన్ రోజున మళ్లీ చూసుకోవాలి. రక్తహీనత ఉన్న తల్లికి కాస్త రక్తం పోయినా ప్రమాదమే కాబట్టి నెలలు నిండేలోగానే ఐరన్ మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో హీమోగ్లోబిన్ పెంచాలి. రక్తస్రావం ఎక్కువయ్యే సూచనలుంటే సరిపడే గ్రూపు రక్తాన్ని క్రాస్ మ్యాచ్ చేయించి సిద్ధంగా ఉంచుకోవాలి.

చర్మం కోయడానికి ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తారు. మూత్రసంచి ఖాళీగా, కత్తికి దూరంగా ఉండేందుకు మూత్రపు గొట్టం వేస్తారు. తల్లిని కాస్త ఎడమవైపు ఒరిగేలా పడుకోబెడతారు. వెల్లకిలా పడుకుంటే నిండు గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడి బీపీ తగ్గుతుంది. వెన్నులో ఇచ్చే మత్తు వల్ల కూడా బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. తల్లికి వికారం, కళ్లు తిరగడం మొదలవుతాయి, బిడ్డకు అందే రక్తం తగ్గుతుంది. అందుకే మత్తు డాక్టర్లు సెలైన్‌తో పాటు బీపీ నిలబెట్టే ఫినైలెఫ్రిన్ వంటి మందును సిద్ధంగా ఉంచుకుంటారు. పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే రెండు భయాలుంటాయి: గర్భిణుల గొంతులో వాపు వల్ల శ్వాసగొట్టం వేయడం కష్టం కావడం, కడుపులోని ఆమ్లం ఊపిరితిత్తుల్లోకి పోవడం. ఆపరేషన్‌కు ముందు ఏమీ తినొద్దని గట్టిగా చెప్పేది ఈ రెండో భయంతోనే.

ముహూర్తం చూసి సిజేరియన్ పెట్టించుకోవడం తెలుగు కుటుంబాల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. వైద్య కారణం లేకుండా 39 వారాలు నిండకముందే ఆపరేషన్ చేస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. తెల్లవారుజామున కుదిరిన ముహూర్తానికి మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, చేయి సాయానికి మరో సర్జన్, రక్తనిధి అన్నీ అందుబాటులో ఉంటాయని చెప్పలేం. చిక్కు వచ్చే అవకాశం ఉన్న తల్లికి ఇవన్నీ దొరికే వేళే మంచి వేళ.

గర్భసంచిని చేరడంలో ఇబ్బంది

మొదటి సిజేరియన్‌లో పొరలు ఒకదాని నుంచి ఒకటి తేలిగ్గా విడిపోతాయి. రెండోసారి, మూడోసారి అలా ఉండదు. గాయం మానే క్రమంలో పొరలు ఒకదానికొకటి అంటుకుపోయి అతుకులు ఏర్పడతాయి. పొట్ట లోపలి గోడకు గర్భసంచి, గర్భసంచికి మూత్రసంచి, కొన్నిసార్లు పేగులు కూడా అంటుకుంటాయి. ఎవరికి ఎన్ని అతుకులున్నాయో పొట్ట తెరిచాక గానీ కచ్చితంగా తెలియదు.

ఇలాంటప్పుడు సర్జన్ తొందరపడకూడదు. వేళ్లతో బలంగా లాగితే అతుకుతో పాటు మూత్రసంచి గోడ కూడా చిరుగుతుంది. అందుకే మచ్చకు కాస్త పైనుంచి, అతుకులు లేని చోట పొరను తెరుస్తారు. అతుకులను కంటికి కనిపించేలా పట్టుకుని కత్తెరతో కొద్దికొద్దిగా విడదీస్తారు. మూత్రసంచి మరీ పైకి లాక్కుపోయి ఉంటే దాన్ని కదిలించకుండా, గర్భసంచిని కాస్త పైభాగంలో కోస్తారు. బిడ్డను తీయడానికి దారి దొరికితే చాలు, అతుకులన్నిటినీ విడదీయాల్సిన పని లేదు.

ఎంత జాగ్రత్త పడినా వెయ్యి సిజేరియన్లలో ఒకటి నుంచి మూడింటిలో మూత్రసంచికి గాయం కావచ్చు. ఆ గాయం కంటే, దాన్ని గమనించకపోవడమే పెద్ద ప్రమాదం. మూత్రపు గొట్టానికి తగిలించిన సంచిలో ఎర్రటి నీరు కనిపించినా, కోత చోట పల్చటి ద్రవం ఊరుతున్నా అనుమానించాలి. గొట్టం గుండా మూత్రసంచిలోకి నీలిరంగు నీటిని పంపితే చిరుగు ఉన్నచోట ఆ రంగు బయటికి వస్తుంది. అక్కడికక్కడే రెండు పొరలుగా కుట్టి, ఒకటి రెండు వారాలు గొట్టం ఉంచితే చాలామందిలో పూర్తిగా మానుతుంది. గమనించక వదిలేస్తే మూత్రం పొట్టలోకి చేరి తల్లి ప్రాణం మీదికి వస్తుంది, లేదా యోనిలోకి దారి ఏర్పడి మూత్రం నిరంతరం కారే దుస్థితి కలుగుతుంది.

బిడ్డ బయటికి రానప్పుడు

గర్భసంచి తెరిచాక బిడ్డ తేలిగ్గా రాని సందర్భాలు చాలా ఉన్నాయి. వాటిలో అత్యంత కష్టమైనది, ముఖద్వారం పూర్తిగా తెరుచుకుని గంటల తరబడి నొప్పులు పడ్డాక చేసే సిజేరియన్. అప్పటికి తల కటి ఎముకల మధ్య లోతుగా దిగి గట్టిగా బిగుసుకుంటుంది. గర్భసంచి కింది భాగం సాగి సాగి కాగితంలా పల్చబడుతుంది. ఉమ్మనీరు పోయి చాలాసేపై ఉంటుంది కాబట్టి, సర్జన్ వేళ్లు తలకూ ఎముకకూ మధ్య దూరడానికి చోటు కూడా ఉండదు. బలవంతంగా చేయి దూరిస్తే కోత పక్కలకు చీలి గర్భసంచి ధమనిని చేరుతుంది, లేదా కిందికి చీలి యోని దాకా పోతుంది.

దీన్ని దాటడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది, సహాయకులు యోని ద్వారం నుంచి అరచేత్తో తలను మెల్లగా పైకి తోయడం. వేళ్ల కొనలతో పొడిచినట్టు తోస్తే లేత పుర్రెకు దెబ్బ తగులుతుంది కాబట్టి, అరచేయి మొత్తాన్నీ పరిచి తోయాలి. రెండోది, పైన ఉన్న కాళ్లను ముందు పట్టుకుని, ఎదురుకాళ్ల కాన్పులా బిడ్డను పైకి లాగడం. మూడోది మన దేశంలో పుట్టిన పట్వర్ధన్ పద్ధతి. 1957లో ప్రచురితమైన ఈ పద్ధతిలో కోత దగ్గర కనిపించే భుజాన్ని ముందు బయటికి తెస్తారు, తర్వాత రెండో భుజాన్ని. రెండు చంకల కింద వేళ్లుంచి, పైనుంచి కాస్త నొక్కుతూ ఒంటిని, పిరుదులను, కాళ్లను తీస్తారు. అన్నిటికంటే చివర, ఒంటి ఆసరాతో తలను కటిలోంచి పైకి లేపుతారు. తలను కదిలించలేనప్పుడు ఒంటిని ముందు తీయాలన్న ఆలోచనే దీని బలం. కాన్పులు రద్దీగా జరిగే మన ఆసుపత్రుల్లో దీన్ని ఇప్పటికీ నేర్పుతున్నారు, వాడుతున్నారు. ఏ దారి పట్టినా, నొప్పి పట్టిన క్షణంలో లాగకూడదు. గర్భసంచి సడలేదాకా ఆగాలి, లేదా మత్తు డాక్టరు దాన్ని సడలించే మందు ఇవ్వాలి. ఇలాంటి కేసుల్లో గర్భసంచి కోతను మామూలు కంటే కాస్త పైన పెట్టడం కూడా ముఖ్యం. లేకపోతే సాగిన ముఖద్వారంలోనో యోనిలోనో కోత పడుతుంది.

దీనికి విరుద్ధంగా తల మరీ పైన తేలుతూ ఉంటే చేతికి అందదు. ఉమ్మనీటిని మెల్లగా పోనిచ్చి, పైనుంచి నొక్కి, తల కోత దగ్గరికి వచ్చేదాకా ఓపిక పడతారు. అవసరమైతే వాక్యూమ్ కప్పుతోనో ఫోర్సెప్స్‌తోనో తీస్తారు. బిడ్డ అడ్డంగా, వీపు కిందికి తిరిగి ఉంటే పట్టుకోవడానికి కాలూ చేయీ దొరకవు. ఉమ్మనీటి సంచి పగలకముందే బిడ్డను తిప్పి, పాదాన్ని వెతికి పట్టుకోవడం మేలు. చేయి దొరికిందని లాగితే భుజం మరింత ఇరుక్కుంటుంది. పాదానికి మడమ ఉంటుంది, చేతికి ఉండదు. లోపల కంటికి కనిపించని చోట సర్జన్ వేలు ఆ తేడాతోనే గుర్తు పడుతుంది.

ఏడు నెలలకే తీయాల్సిన బిడ్డ అయితే గర్భసంచి కింది భాగం ఇంకా సాగి ఉండదు. అడ్డకోత చాలకపోతే పైకి నిలువుగా పెంచాల్సి వస్తుంది. బిడ్డ ప్రాణం కాపాడేందుకు అది తప్పదు, కానీ దాని మూల్యం వచ్చే కాన్పులో తెలుస్తుంది. కింది అడ్డకోత మచ్చ తర్వాతి నొప్పుల్లో చిట్లే అవకాశం వందకు ఒకటి కంటే తక్కువ. పైభాగపు నిలువు కోతకు అది వందకు 4 నుంచి 9 దాకా ఉంటుంది. అలాంటి తల్లికి మళ్లీ నొప్పులు రానివ్వకూడదు.

రక్తస్రావం: ఒక్కో మెట్టు

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం చేరుతుంది. కాబట్టి రక్తస్రావం అదుపు తప్పితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. సిజేరియన్‌లో వెయ్యి మి.లీ. రక్తం పోయిందంటే అది అతిగా పోయినట్టే. పీల్చే గొట్టం సీసాలో చేరిన దాన్ని, తడిసిన గుడ్డల బరువును లెక్క కట్టాలి. కంటి అంచనా సాధారణంగా అసలు కంటే తక్కువే వస్తుంది.

ఎక్కువ సందర్భాల్లో కారణం, బిడ్డ బయటికి వచ్చాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోవడం. మొదటి మెట్టు చేత్తో మర్దన చేయడం, ఆక్సిటోసిన్ ఇవ్వడం. చాలకపోతే మిథర్జిన్, కార్బోప్రోస్ట్, మిసోప్రోస్టాల్. బీపీ ఎక్కువున్న తల్లికి మిథర్జిన్, ఉబ్బసం ఉన్న తల్లికి కార్బోప్రోస్ట్ ఇవ్వకూడదు. ఈ రెండు సంగతులూ థియేటర్లోని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉండాలి. గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము ఇస్తారు. 21 దేశాల్లో 20 వేల మంది బాలింతలపై జరిగి 2017లో వెలువడిన పరిశోధన, కాన్పయిన మూడు గంటల్లోపు ఈ మందు ఇస్తే రక్తస్రావం వల్ల చనిపోయేవారి సంఖ్య తగ్గుతుందని తేల్చింది.

మందులతో ఆగకపోతే కుట్లు. బ్రిటన్‌లో పనిచేసిన క్రిస్టఫర్ బి-లించ్ 1997లో ప్రచురించిన కుట్టు ఇప్పుడు అందరూ నేర్చుకునేదే. బడిపిల్లల సంచి పట్టీల్లా దారం గర్భసంచి ముందు నుంచి భుజాల మీదుగా వెనక్కి, మళ్లీ ముందుకు వచ్చి దాన్ని గట్టిగా అదిమి పడుతుంది. వేసే ముందు రెండు చేతులతో గర్భసంచిని నొక్కి చూస్తారు. అలా నొక్కినప్పుడు రక్తం ఆగితే కుట్టుకూ ఆగుతుంది. లోపల నీటి బెలూన్ ఉబ్బించడం, రెండు పక్కల గర్భసంచి ధమనులను కట్టడం, కటిలోని పెద్ద ధమని కొమ్మను కట్టడం తర్వాతి మెట్లు.

కోత పక్కలకు చీలి రక్తం వస్తుంటే కుట్టు వేసే చోటు మరీ ముఖ్యం. కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే నాళం, ముఖద్వారం పక్కన దాదాపు 2 సెం.మీ. దూరంలో గర్భసంచి ధమని కిందుగా పోతుంది. రక్తం మడుగులో గుడ్డిగా సూది పోనిస్తే ఆ నాళం కుట్టులో చిక్కుకుంటుంది. గర్భసంచిని పొట్ట బయటికి తీసి పట్టుకుని, చీలిక మూలను వేళ్లతో నొక్కి పట్టి, చోటు స్పష్టంగా కనిపించాకే కుట్టాలి.

ఏదీ పనిచేయకపోతే గర్భసంచిని తీసేయాలి. ఈ నిర్ణయం ఆలస్యం కాకూడదు. మళ్లీ పిల్లలు కలగరన్న బాధతో చివరిదాకా వాయిదా వేసేసరికి రక్తం గడ్డకట్టే శక్తినే కోల్పోతుంది, అప్పుడు ఆపరేషన్ కూడా కాపాడలేదు. మరో సీనియర్ డాక్టరును పిలిచి, ఇద్దరూ కలిసి నిర్ణయించడం మంచి ఆసుపత్రుల్లో నియమం. ఈలోగా ఎర్ర రక్తకణాలతో పాటు ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కూడా ఎక్కిస్తూనే ఉండాలి.

మాయ పాతుకుపోతే

మామూలుగా మాయ గర్భసంచి లోపలి పొరకు అతుక్కుని, కాన్పయ్యాక తేలిగ్గా ఊడివస్తుంది. పాత కోత మచ్చ మీద ఆ పొర సరిగా పెరగదు. అక్కడ కూర్చున్న మాయ వేళ్లు కండలోకి, ఒక్కోసారి మూత్రసంచి దాకా దిగుతాయి. 2006లో అమెరికాలో 30 వేల మందికి పైగా తల్లులపై వెలువడిన అధ్యయనం ప్రకారం, మాయ కిందికి ఉన్న తల్లుల్లో ఇలా పాతుకుపోయే ప్రమాదం తొలి సిజేరియన్‌లో 3 శాతం. రెండో సిజేరియన్‌కు అది 11, మూడోదానికి 40, నాలుగోదానికి 61 శాతానికి చేరింది. సిజేరియన్లు ఎక్కువగా జరిగే తెలుగు రాష్ట్రాలకు ఇంతకన్నా పెద్ద హెచ్చరిక అక్కర్లేదు.

ఇక్కడ అతి పెద్ద పొరపాటు మాయను చేత్తో ఊడదీయబోవడం. అలా చేస్తే లీటర్ల కొద్దీ రక్తం పోతుంది. ముందే తెలిసినప్పుడు రక్తనిధి, మూత్ర వ్యవస్థ నిపుణులు, ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో, నొప్పులు రాకముందే, సాధారణంగా 34-36 వారాల మధ్య ఆపరేషన్ పెడతారు. మాయ లేని చోట గర్భసంచిని కోసి బిడ్డను తీసి, బొడ్డుతాడు కట్టి, మాయను కదిలించకుండానే గర్భసంచి మొత్తాన్ని తొలగిస్తారు. చిన్న ఆసుపత్రిలో పొట్ట తెరిచాక ఉబ్బిన నీలి రక్తనాళాలు గర్భసంచి ముందు భాగమంతా కనిపిస్తే, తల్లీబిడ్డల పరిస్థితి నిలకడగా ఉన్నప్పుడు గర్భసంచిని కోయకుండా పొట్ట మూసి పెద్దాసుపత్రికి పంపడమే సరైన నిర్ణయం. అది వైఫల్యం కాదు, ప్రాణం కాపాడే వివేకం.

ఆపరేషన్ తర్వాత కనిపెట్టాల్సినవి

పొట్ట మూసే ముందు గుడ్డలు, సూదులు, పనిముట్లు లెక్క పెట్టి, మొదటి లెక్కతో సరిపోయాకే మూయాలి. మొదటి కొన్ని గంటలు నాడి, బీపీ, మూత్రం, యోని నుంచి పోయే రక్తం పదేపదే చూడాలి. నాడి వేగం పెరుగుతూ, మూత్రం తగ్గుతూ, తల్లి తెల్లబడుతుంటే, బయటికి రక్తం కనిపించకపోయినా లోపల పోతోందని అనుమానించాలి. తర్వాతి రోజుల్లో జ్వరం, కుట్ల దగ్గర చీము, వాసన వచ్చే స్రావం ఇన్‌ఫెక్షన్‌కు గుర్తులు. ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, అకస్మాత్తుగా ఆయాసం రావడం రక్తపు గడ్డకు సంకేతాలు. బాలింత కదలకుండా పడుకోవాలన్న పాత నమ్మకం ఈ గడ్డలకు దారి ఇస్తుంది. త్వరగా లేచి నడవడమే మేలు, ప్రమాదం ఎక్కువున్నవారికి హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చే కాగితంలో సిజేరియన్ ఎందుకు చేశారో, గర్భసంచిపై కోత ఏ రకమో, చీలిక, అతుకులు, అధిక రక్తస్రావం వంటివి ఉన్నాయో లేదో స్పష్టంగా రాసి ఉండాలి. వచ్చే కాన్పు సాధారణంగా జరగవచ్చా, ఎప్పుడు ఏ ఆసుపత్రిలో జరగాలి అన్నది ఆ రెండు మూడు వాక్యాలే తేలుస్తాయి. బయట చర్మం మీది మచ్చను చూసి లోపలి కోత చెప్పలేం. కాబట్టి ఆ కాగితాన్ని ఆధార్ కార్డంత భద్రంగా దాచుకోవాలి, తర్వాతి గర్భంలో మొదటి పరీక్షకే తీసుకెళ్లాలి. కాన్పు తర్వాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం ఏడాదిన్నర ఎడం ఉంటే మచ్చ గట్టిపడుతుంది. అన్నిటికంటే ముందు, మొదటి సిజేరియన్ నిజంగా అవసరమా అని అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది. అతుకులు, పాతుకుపోయిన మాయ, చిట్లే మచ్చ అనే చిక్కుల్లో ఎక్కువ భాగం ఆ మొదటి కోతతోనే మొదలవుతాయి. అవసరమైన చోట అది ప్రాణదాత. అవసరం లేని చోట దాన్ని తప్పించడమే తర్వాతి కాన్పులకు అసలైన రక్షణ.